ఎర్ర బండా, నల్ల బండా

మా ఇంట్లో ఏ వస్తువు రావాలన్నా ముందు గొడవ రావాలి. మిక్సీకి అయింది, కూలర్‌కి అయింది. గేటుకు ఏ రంగు వేయాలన్న దగ్గరైతే అన్నదమ్ములిద్దరూ చాలా రోజులు ఎడమొహం పెడమొహంగా తిరిగారు. కానీ గడ్డి కోసే బండి దగ్గర జరిగినంత ముచ్చటైన గొడవ నేను ఆ ఇంట్లో చూడలేదు. అది ఎప్పటికీ తెగకుండా ఉంటే బాగుండునని లోలోపల మొక్కుకున్నాను కూడా. నా మొక్కులు ఏ దేవుడు విన్నాడు గనక!

మాది బోధన్ రోడ్డు మీద గార్డెన్. మా దిక్కు గార్డెన్ అంటే పెళ్లిళ్ల తోట. ఒక హాలు, ఒక స్టేజీ, ముందు ఎకరాల కొద్దీ పచ్చగడ్డి, మధ్యమధ్యలో గుండ్రటి పూలమడులు, వరసగా అలంకారం చెట్లు. ఆ నేలలో ఒకప్పుడు చెరుకు పండేది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు అడిగేవాడు లేక కొన్నాళ్లు వరి, కొన్నాళ్లు సోయా వేసి, ఆఖరికి మా ఆయన పట్టుబట్టి గార్డెన్ చేశాడు. బుకింగులు ఆయన చూస్తాడు, ఆఫీసులో నేను కూర్చుంటాను. గడ్డి మాత్రం బావది.

బావ అంటే మా ఆయన అన్న. ఆయన భార్య, మా అక్క, పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. చెరుకు పోయిన దుఃఖమంతా ఆయన గడ్డి మీద తీర్చుకున్నాడు. పొద్దున్నే బోర్లా పడుకుని, చెంప నేలకానించి ఎత్తుపల్లాలు చూసేవాడు. లేచి నిలబడ్డ పోచ ఒక్కటి కనబడితే వేళ్లతో గిల్లేవాడు. పెళ్లివాళ్లు స్టేజీ పూలను మెచ్చుకుంటే మొహం మాడ్చుకునేవాడు. ఎవరో ముసలాయన చెప్పులు విడిచి గడ్డి మీద నాలుగడుగులు నడిస్తే మాత్రం, ముక్కూ మొహం తెలియకపోయినా వంటశాల నుంచి స్వయంగా చాయ్ తెచ్చి చేతికిచ్చేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మా వైపు తమ్ముడి భార్య బావ ముందు కూర్చోదు. ఆయన వస్తే లేచి నిలబడాలి, ఉన్నంతసేపు నిలబడే ఉండాలి. చదువుకున్నదానివి, ఇదేం పద్ధతని నన్ను అడిగినవాళ్లున్నారు. అడగడానికేం, వాళ్ల సొమ్మేం పోయింది? బావ నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. ఆఫీసు గుమ్మానికి అల్లంత దూరంలో ఉండగానే దగ్గేవాడు, నేను లేచేదాన్ని. కొన్నేళ్లకు నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఆయనకెవరు చెప్పారో గానీ, ఆ తర్వాత ఆఫీసులోకి రావడమే మానేశాడు. ఏది అడగాలన్నా కిటికీ బయట, నాకు వీపు పెట్టి నిలబడి అడిగేవాడు. ఎల్లుండి పెళ్లి పగలా రాత్రా అని ఎదురుగా ఉన్న గోడను అడిగినట్టు అడిగేవాడు. ఆయన చూడటం లేదు కాబట్టి నేను కూర్చున్నచోటే కూర్చుని జవాబు చెప్పేదాన్ని. మా ఇద్దరి మధ్య మర్యాద ఇలా కిటికీలోంచి నడిచింది.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఆయన గడ్డి మిషన్ నెట్టుతూ నెట్టుతూ పక్కకు ఒరిగిపోయాడు. నిజామాబాద్ తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. మాట తిరిగొచ్చింది, కాలు మెల్లగా వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు.

ఏం చేయలేదని? కంఠేశ్వర్‌లో వ్యాయామం చేయించే డాక్టరమ్మ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది, పిసికాడు. ధర్మాబాద్ అవతల నూనె రాసే ఆయన ఉన్నాడంటే అక్కడికి తిప్పాం. పావురం కూర మంచిదని ఎవరో అంటే, ముక్కు మూసుకుని వండి పెట్టాను. చెయ్యి మాత్రం బుగ్గ మీద ఈగ వాలినా లేవలేదు.

మా ఇంట్లో ఆ రోగం పేరు ఎవరూ ఎత్తరు. పేరెత్తితే అది ఇంట్లోనే తిష్ట వేస్తుందని భయం. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, అందరం "చెయ్యి అలిగింది" అనేవాళ్లం. చూడటానికి వచ్చిన చుట్టాలకూ అదే మాట, హాలు బుక్ చేసుకోవడానికి వచ్చిన పరాయివాళ్లకూ అదే మాట. అలిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అన్నానికి వస్తారు కదా అన్న ఆశ అందులో ఉంది. నేనూ అలాగే అన్నాను. అంటూ అంటూ నమ్మాను.

బావ మంచం పట్టలేదు గానీ, పట్టినంత పనైంది. గడ్డి కోయడానికి కూలివాళ్లను పెట్టాం. వాళ్లు కోస్తుంటే ఆయన గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. గడ్డం పెరిగిపోయింది. ఒక పూట తినేవాడు, ఒక పూట పళ్లెం పక్కకు జరిపేవాడు. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కడని నాకు అర్థమైంది. నాకు అర్థమై ఏం లాభం, నా చేతిలో ఏముంది?

అప్పుడు మా ఆయన ఫోన్లో ఒక వీడియో తెచ్చాడు. ఎక్కడో విదేశంలో ఒక మనిషి కుర్చీలాంటి సీటులో దర్జాగా కూర్చున్నాడు, బండి గడ్డి కోసుకుంటూ పోతోంది. చెట్టు అడ్డొస్తే దాని చుట్టూ గిర్రున తిరుగుతోంది. స్టీరింగ్ లేదు. ఒళ్లో అడ్డంగా ఏదో కడ్డీ ఉంది, ఆ మనిషి దాని మీద చేతులు ఆనించి కూర్చున్నాడు. బరువు మొయ్యడం లేదు, నెట్టడం లేదు.

"నడిచేది లేదన్నా, నెట్టేది లేదు. స్టీరింగే లేదు, ఇగ తిప్పే కష్టమేముంటది నీకు?" అన్నాడు మా ఆయన.

బావ ఫోన్ కుడి చేత్తో అందుకుని వీడియో మళ్లీ మళ్లీ చూశాడు. మర్నాడు మంగలిని పిలిపించి గడ్డం గీయించుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

అప్పటి నుంచి మొదలైంది గొడవ. విచారిస్తే మా అంత గార్డెన్‌కు సరిపడే బండ్లు రెండు తేలాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. రెండూ పొద్దస్తమానం పనిచేసే రకమే. ఎర్రది వెడల్పు ఎక్కువ, ఇంజను పెద్దది, సీటు వీపు దాకా ఉంటుంది. నల్లది కొంచెం చిన్నది, బరువు తక్కువ, సీటు ముందుకూ వెనక్కీ జరుగుతుంది. మా ఆయన ఎర్ర బండి అన్నాడు, రెండు ముహూర్తాల మధ్య పని చప్పున తెమిలిపోతుందని. బావ నల్లదన్నాడు. మాది నల్లరేగడి నేల, వానల్లో అంత బరువు బండి దిగబడుతుంది, మలుపు తిరిగిన చోటల్లా గడ్డి వేర్లతో సహా లేస్తుందని ఆయన వాదన. అన్నం దగ్గర అదే మాట, చాయ్ దగ్గర అదే మాట. పెళ్లి సంబంధాలు చూసినట్టు వాటి ఫోటోలు పక్కపక్కన పెట్టి వంకలు పెట్టుకునేవాళ్లు. నేనైతే సీటు సంగతే పట్టించుకున్నాను. చేతులు ఆనించుకునే వీలుందా, బెల్టుందా, ఒరిగితే పట్టుకుంటుందా అని. నా చెవులు హోరెత్తిపోయాయి గానీ, బావ గొంతు పెంచి వాదించడం విని ఎన్నాళ్లయిందని! ఈ గొడవ ఇలాగే సాగనీ అనుకున్నాను.

ఎర్ర బండి కంపెనీ అతను ఫోన్లో ఎవరు నడుపుతారని అడిగాడు. మా అన్న, ఏళ్ల తరబడి ట్రాక్టర్ తోలినవాడు, చెయ్యి తిరిగిన మనిషి అని చెప్పాడు మా ఆయన. నేను పక్కనే ఉన్నాను. ఇంకో మాట చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. బావ కూడా అక్కడే ఉన్నాడు మరి, ఆయన ముందు ఎలా చెబుతాడు?

ఎర్ర బండి ముందు వచ్చింది, హైదరాబాద్ నుంచి డీసీఎం వ్యానులో. కొన్నది కాదు, నడిపి చూపించడానికి తెచ్చింది. అయినా మా ఆయన ఊరుకుంటాడా? కొబ్బరికాయ, పూలదండ, నిమ్మకాయలు అన్నీ సిద్ధం. చూడటానికి వచ్చిన బండికి పూజేమిటని అడిగాను. ఇంటికొచ్చిన బండి ఇంటి పెద్ద చేత్తో కదలాలి, నీకు తెలవదు ఊరుకో అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వెనక పెద్ద చక్రాలు రెండింటి ముందు రెండు నిమ్మకాయలు పెట్టబోతుంటే, కంపెనీ అతను ముందు నేనొకసారి నడిపి చూపిస్తానన్నాడు.

ఎక్కి కూర్చున్నాడు. చెరో పక్కన బయటికి తెరిచి ఉన్న రెండు కడ్డీలను ఒళ్లోకి లాక్కున్నాడు. అప్పుడు చూశాను. వీడియోలో ఒకటే అనుకున్న కడ్డీ, ఒకటి కాదు. రెండు. కుడి చేతికి ఒకటి, ఎడమ చేతికి ఒకటి. కుడి కడ్డీ కుడి చక్రాన్ని నడుపుతుంది, ఎడమ కడ్డీ ఎడమ చక్రాన్ని. రెండూ సమంగా నెడితే తిన్నగా పోతుంది, ఒకటే నెడితే పక్కకు తిరుగుతుంది. చెట్టు చుట్టూ గిర్రున తిరిగే విద్య అంతా అందులోనే ఉంది.

మా ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగి చెప్పాను. ఆయన మొహం నల్లబడింది. అటు చూస్తే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని వస్తున్నాడు. వంటవాళ్లు, కుర్చీలు సర్దేవాళ్లు, అందరూ చుట్టూ చేరారు. ఎవరో నిమ్మకాయలు పెట్టేశారు కూడా. "ఇప్పుడెట్ల చెప్పాల్నే?" అన్నాడు మా ఆయన. నిజమే, ఎలా చెబుతాం? చెయ్యి అలిగిందని ఊరంతా చెప్పుకున్నవాళ్లం, అది రాదని ఆ నలుగురి ముందు ఎలా అంటాం?

బావను పట్టి ఎక్కించారు. కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి ఎడమ కడ్డీ మీద పెట్టుకున్నాడు, వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ మడిచాడు. కొబ్బరికాయ కొట్టారు. ఆయన దణ్ణం పెట్టుకోబోయి, ఒక చెయ్యే లేస్తుందని గుర్తొచ్చి, తల వంచాడు. తర్వాత నెట్టాడు.

కుడి చక్రం కదిలింది. నిమ్మకాయ చితికింది. ఎడమ చక్రం కదల్లేదు. బండి ఉన్నచోటే ఎడమకు తిరిగింది, ఆగింది. మళ్లీ నెట్టాడు, మళ్లీ తిరిగింది. ఒక చుట్టు పూర్తయి మొదటికొచ్చింది. బావ పళ్లు బిగించి ఎడమ భుజం ముందుకు తోస్తున్నాడు, చెయ్యి మాత్రం కడ్డీ మీద బట్ట ఆరేసినట్టు వేలాడుతోంది. ఎడమ చక్రం ముందు నిమ్మకాయ పెట్టింది పెట్టినట్టే ఉంది. కంపెనీ అతనికి పాపం ఏమీ తెలియదు, ఎడమది కూడా నెట్టండి సార్ అని మర్యాదగా చెబుతూనే ఉన్నాడు. అతని నోరు మూయించే దారి నాకు తోచలేదు.

మా ఆయనే ముందు తేరుకున్నాడు. ఇది మరీ బిగుసుగా ఉన్నదన్నా, పెద్ద బండి కదా, నల్లది అల్కగా కదులుతది అన్నాడు. వంటాయన అవునన్నాడు. వాచ్‌మన్ అవునన్నాడు. నేనూ తలూపాను. నీ మాటే నిజం, ఎర్రది మనకు పనికిరాదు అని మా ఆయన ఓడిపోయినట్టు ఒప్పుకున్నాడు. అన్ని రోజుల గొడవ అలా తెగింది. బావ ఎవరి మొహమూ చూడకుండా "నల్లదాన్ని తెప్పియ్యి" అన్నాడు.

నేను ఆగలేక, ఎవరూ లేనప్పుడు నల్ల బండి కంపెనీకి ఫోన్ చేశాను. మీ బండి ఒక చేత్తో నడుస్తుందా అని అడిగాను. లేదు మేడమ్, ఈ రకం బండ్లన్నీ ఇంతే, రెండు కడ్డీలుంటాయి, రెండు చేతులూ కావాలి అన్నాడు. కొంచెం మార్చి ఇవ్వగలరా అంటే, మా దగ్గర ఆ వీలు లేదన్నాడు. మరి తీసుకురావద్దని చెప్పాలి కదా. నోటి దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే బావ వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని రెండు చెరుకు గడలను చెరో పక్క పట్టుకుని నెడుతున్నాడు. కుడిది పోతోంది, ఎడమది నేలకు పడుతోంది. వంగి తీసి మళ్లీ పెట్టుకుంటున్నాడు. నేను ఫోన్లో అతనికి సరే తీసుకురండి అని చెప్పి పెట్టేశాను. అంతకన్నా ఏం చేయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

నల్ల బండి వచ్చిన రోజు నిమ్మకాయలు వద్దన్నాడు బావ. చుట్టూ జనాన్ని కూడా చేరనివ్వలేదు. మా ఆయన, నేను, కంపెనీ అతను, అంతే. ఆయన భుజం మీద తువ్వాలుంది. ఎక్కి కూర్చుని, ఆ తువ్వాలుతో ఎడమ చేతిని కడ్డీకి కట్టమని తమ్ముడికి చెప్పాడు. మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటూ కట్టాడు. కంపెనీ అతను భయపడి, కోసే బ్లేడ్లు ఆపే ఉంచుతానన్నాడు.

బావ నడుం నుంచి మొత్తం ముందుకు వాలాడు. ఆ ఊపుకు కట్టిన చెయ్యి కడ్డీని నెట్టింది. కుడి చెయ్యి ఎలాగూ నెట్టింది. బండి తిన్నగా పోయింది. అబద్ధం చెప్పను, తిన్నగానే పోయింది. ఒక పూలమడి దాటింది, రెండో మడి దాటింది. మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నేను అదే పనిగా దేవుళ్ల పేర్లు తలుచుకుంటున్నాను.

అప్పుడు చెట్టు అడ్డొచ్చింది. ఆపడానికి బావ కుడి కడ్డీ వెనక్కి లాగాడు. ఎడమది రాలేదు. ముందుకు నెట్టగలిగిన భుజం వెనక్కి లాగలేకపోయింది. బండి గిర్రున కుడికి తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. కింద గడ్డి చీరుకుపోతోంది, ఆయన పెంచిన గడ్డి. తువ్వాలు ముడి ఊడదు. ఒక్కో చుట్టుకూ ఆయన మొహం మా వైపు వచ్చి పోతోంది, మమ్మల్నే చూస్తున్నాడు. మేం చూస్తూ నిలబడ్డాం. కంపెనీ అతనే పరుగెత్తి తాళం తిప్పి ఆపాడు.

చాలాసేపటికి బావ పళ్లతో ముడి విప్పుకున్నాడు. ఎవరినీ సాయానికి రానివ్వలేదు. దిగి, చీరుకుపోయిన గడ్డిని పాదంతో సర్ది, మా ఆయనతో అన్నాడు.

"చెయ్యి అలగలేదురా. పోయింది. మీ అందరికీ ఎరుకే. నోరు తెరిచి ఒక్కలన్న అనకపోతిరి."

మా ఆయన గడ్డి మీదే కూలబడి ఏడ్చాడు. బావ బండి వైపు చూస్తూ నన్ను పిలిచాడు. తమ్ముడికి కాలు ఒకచోట నిలవదట, గడ్డి పాడుచేస్తాడట. కూలివాళ్లు కోస్తారు గానీ చూడరట. నేను ఇన్నేళ్లుగా కిటికీలోంచి గడ్డిని చూస్తున్నదాన్నట.

"నువ్వెక్కు బిడ్డా," అన్నాడు.

నేను నిలబడే ఉన్నాను. ఎలా కూర్చుంటాను? ఆయన నిలబడి ఉండగా, అదీ ఆయన ఇప్పుడే దిగిన సీటులో. ఆయనకు అర్థమైంది. మెల్లగా కాలీడ్చుకుంటూ ప్రహరీ వైపు తిరిగి నిలబడ్డాడు, అచ్చం ఆఫీసు కిటికీ బయట నిలబడ్డట్టు. కుడి చేత్తో ఎడమ చేతిని వెనక పట్టుకున్నాడు.

ఎక్కాను. కంపెనీ అతను సీటు ముందుకు జరిపాడు.

"కాళ్లు అందుతున్నయా?" అని గోడను అడిగాడు బావ.

"అందుతున్నయి బావా."

"చేతులో?"

రెండు చేతులూ రెండు కడ్డీల మీద పెట్టాను. ఆ క్షణంలో నాకు రెండు చేతులున్నందుకు సిగ్గేసింది.

"అందుతున్నయి."

"అయితే నల్లదే తీసుకుందాం," అన్నాడు.

ఇప్పుడు ప్రతి ముహూర్తానికీ ముందు గడ్డి నేనే కోస్తాను. చున్నీ నడుముకు కట్టుకుని ఎక్కుతాను. బావ ప్రహరీ దగ్గర రోడ్డు వైపు తిరిగి నిలబడతాడు. బోధన్ బస్సులు పోతుంటాయి, ఆయన వాటినే చూస్తున్నట్టు ఉంటాడు. చప్పుడును బట్టి, కుడి చెయ్యి తొందరపడుతున్నదని, మడి దగ్గర నిదానించమని చెబుతాడు. ఒక్కసారి ఇటు తిరగండి, మీ గడ్డి మీరు చూసుకోండి, నేను కూర్చున్నంత మాత్రాన కొంపలేం మునగవని ఎన్నిసార్లు అన్నానో! తిరగడు. మొదట్లో అది మర్యాదే అనుకున్నాను. ఒకరోజు గోడ పక్కన మలుపు తిప్పుతుంటే ఆయన మొహం కనిపించింది, చెంపలు తడిసి ఉన్నాయి. ఆ తర్వాత అడగడం మానేశాను.

కోయడం అయిపోయాక బండి ఆపి, దిగి, చున్నీ సర్దుకుని నిలబడతాను. నిలబడి దగ్గుతాను. అప్పుడు ఇటు తిరుగుతాడు.